నలభై మూడు తలలు, నలభై నాలుగు పేర్లు

ఊరి చరిత్ర గది తెరవడానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయనగా, లైబ్రరీ అమ్మాయికి ఏడుపు ఒక్కటే తక్కువైంది. పాత పోస్టాఫీసు గదికి సున్నం వేయించింది. గోడలకు చెక్క పలకలు కొట్టించింది. ఇంటింటికీ తిరిగి పాత ఉత్తరాలు, తాళాలు, తూనికరాళ్ళు, చిరిగిన బడి రిజిస్టర్లు పోగేసింది. రేపు పుట్టబోయే పిల్లలకు ఈ ఊరు ఎలా ఉండేదో తెలియాలన్నది ఆ పిల్ల పట్టుదల. అంతా బాగానే కుదిరింది గానీ, అసలైన ఫొటో దగ్గరికి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అసలైన ఫొటో అంటే వంతెన ఫొటో. యాభై ఆరేళ్ళ కిందట ఊళ్ళోవాళ్ళే రాయి రాయి మోసి వాగు మీద వంతెన కట్టుకున్నారు. తెరిచిన రోజున దాని మీదే నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఆ ఫొటో మంగలి షాపులో ఉంది, బళ్ళో ఉంది, పిండిమరలో ఉంది. ఈ ఊళ్ళో ఇద్దరికి మాటామాటా పెరిగితే మూడో మాటకల్లా 'మీ తాత వంతెన ఫొటోలో ఉన్నాడా అసలు?' అన్నది వచ్చేస్తుంది. అందులో ఉన్నవాళ్ళ మనవలు వీధిలో ఒకలా నడుస్తారు, లేనివాళ్ళ మనవలు ఇంకోలా నడుస్తారు. అది కళ్ళారా చూడాల్సిందే.

పిల్లల్ని వదిలేస్తే ఆ ఫొటోలో నలభై మూడు తలలు ఉన్నాయి. పెద్ద ఫొటో కింద వాళ్ళందరి పేర్లూ చెక్కించాలి. చెక్కేవాడు శుక్రవారం సాయంత్రానికల్లా జాబితా కావాలన్నాడు. వంతెన కట్టినవాళ్ళలో, ఆ అమ్మాయికి తెలిసినంతవరకు, ఇంకా తిరుగుతూ ఉన్నది మేస్త్రి తాత ఒక్కడే. ఎనభై తొమ్మిదేళ్ళు. చూపు ఆనదు గానీ జ్ఞాపకం ఉడుంపట్టు. లైబ్రరీ అమ్మాయి వెళ్ళి అడిగితే కళ్ళు మూసుకుని, వేళ్ళు మడుస్తూ, రాళ్ళు పేర్చినట్టు ఒక్కొక్క పేరే చెప్పుకొచ్చాడు. మొత్తం ముప్ఫై ఏడు దగ్గర ఆగిపోయాడు.

"ఇంకా ఆరుగురు ఉన్నారు తాతా" అందట ఆ అమ్మాయి.

"ఉంటే నువ్వు చెప్పు. వంతెన కట్టింది మాత్రం నాతో కలిపి ముప్ఫై ఏడుగురమే" అన్నాడట ఆయన.

ఇంటికొచ్చి సరిచూసుకుంటే గందరగోళం ఇంకా ముదిరింది. తాత చెప్పిన ముప్ఫై ఏడుగురిలో ముప్ఫై ఆరుగురు ఫొటోలో ఉన్నారు. ఒకావిడ లేదు. తాత చెప్పనివాళ్ళు ఏడుగురు ఫొటోలో నిక్షేపంగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకరు ప్రెసిడెంటు గారి తాత. ఆయన సంగతి అడిగితే మేస్త్రి తాత నవ్వి, ఆయన రాయి ఒక్కటీ మోయలేదనీ, మోసేవాళ్ళకు సలహాలు మాత్రం గంపలకొద్దీ మోశాడనీ చెప్పాడు. ఈ మాట ప్రెసిడెంటుకు ఎవరు చేరవేస్తారు?

అప్పుడు లైబ్రరీ అమ్మాయి టచింగ్ అక్కను పిలిచింది.

టచింగ్ అక్కకు అరవై దాటినా ఊరందరికీ అక్కే. ఆ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఫొటో స్టూడియో వాళ్ళ నాన్నది. పదహారో ఏట ఫొటోలకు టచింగ్ చెయ్యడానికి పెన్సిలూ, సన్న కుంచే పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్న మనిషి, స్టూడియో మూతపడే దాకా లేవలేదు. ఊళ్ళో సగం మంది మొటిమలు, మూడొంతుల మంది కంటి కింద నలుపు ఆమె చేతుల మీదుగానే మాయమయ్యాయి. అందుకే ఆమెతో ఎవరూ పెద్దగా గొడవ పెట్టుకోరు.

ఆమె భూతద్దం తీసుకుని వచ్చింది. కూర్చుంటూనే, మేస్త్రి బాబాయ్ ఎవరెవరి పేర్లు వదిలేశాడో చెప్పమంది. ఆ అమ్మాయి వరసగా ఆరు పేర్లు చదివి, ఏడో దగ్గర నీళ్ళు నమిలింది.

"మీ అమ్మగారి పేరు కూడా చెప్పలేదక్కా."

టచింగ్ అక్క మొహం మాడిపోయింది. బాబాయ్‌కి మతి చలించిందనీ, ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి మాట పట్టుకుని చరిత్ర రాస్తే ఇలాగే ఏడుస్తుందనీ అంది. వాళ్ళమ్మ వంతెన మీద ఉంది. ఫొటోలో కుడివైపు చివర, వెనక వరసలో అమ్మ. అమ్మ చెయ్యి పట్టుకుని, ఐదేళ్ళు నిండని తను. ఆ రోజు ఆమెకు గుర్తుంది. అమ్మ గురించి ఆమెకు గుర్తున్నది ఆ ఒక్క రోజే. వంతెన తెరిచిన కొన్నాళ్ళకే అమ్మ జబ్బుతో పోయిందని నాన్న చెప్పాడు. కాబట్టి ఆ రోజు మీద చెయ్యి వేస్తే ఆమె ఊరుకోదు.

ఏం గుర్తుందంటే, చాలానే ఉంది. తడి సిమెంటు వాసన. కళ్ళలోకి కొడుతున్న ఎండ. వంతెన అంచు మీద నిలబడితే కింద నీళ్ళు కదులుతుంటే కళ్ళు తిరగడం. గరుగ్గా, వేళ్ళకు గుడ్డపీలిక చుట్టి ఉన్న అమ్మ చెయ్యి. "పడతావ్, గట్టిగా పట్టుకో" అన్న అమ్మ గొంతు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఇప్పటికీ ఎత్తైన మెట్లు దిగేటప్పుడు ఆ మాట లోపల వింటూనే దిగుతుంది. ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే అరిగిపోతుందేమోనని భయం.

సరే, మిగిలిన ఆరుగురి సంగతి చూద్దామని భూతద్దం వంచింది. రెండు నిమిషాల్లో ఫక్కున నవ్వింది. ప్రెసిడెంటు తాత ముక్కు నీడ తప్పు వైపు పడింది! వంతెన మీద ఎండ ఎడమ నుంచి వస్తోంది, అందరి కుడి చెంపలూ నీడలో ఉన్నాయి. ఈయన ఒక్కడికే కుడి చెంప మెరుస్తోంది. వాళ్ళ స్టూడియోలో కిటికీ కుడివైపు ఉండేది. అంటే ఈ పెద్దమనిషి వంతెన మీద కాదు, స్టూడియో స్టూలు మీద కూర్చున్నాడన్నమాట.

దీన్ని స్టూడియోలో 'కలపడం' అనేవాళ్ళు. ఫొటో తీసిన రోజున లేనివాళ్ళు తర్వాత వస్తారు. జ్వరమొచ్చి రాలేకపోయాననో, పొరుగూరు పోయాననో చెబుతారు. నాన్న వాళ్ళను విడిగా ఫొటో తీసి, బ్లేడుతో కత్తిరించి, పెద్ద ఫొటోలో ఖాళీ చూసి అతికించి, అంచులు కుంచెతో కలిపేసి, దాన్ని మళ్ళీ ఫొటో తీసేవాడు. ఎవరినీ కాదనేవాడు కాదు. ఊరి ఫొటోలో ఊళ్ళోవాళ్ళు లేకపోతే ఎలా అనేవాడు. కుటుంబాల ఫొటోల్లో ఆమే ఎంతోమందిని కలిపింది. కానీ వంతెన ఫొటో ఆమె కుంచె పట్టకముందుది. ఊహ తెలిసినప్పటి నుంచీ గోడ మీద ఉన్నది. గోడ గడియారాన్ని రోజూ చూస్తాం, అంకెలు ఏ తీరులో ఉన్నాయో చెప్పమంటే చెప్పలేం. అలాగే ఆమె ఎప్పుడూ ఆ ఫొటోను పని తెలిసిన మనిషిలా చూడలేదు, కూతురిలా చూసిందంతే.

ఒకరి తర్వాత ఒకరు, ఆరుగురూ దొరికిపోయారు. లైబ్రరీ అమ్మాయి మేస్త్రి తాత గెలిచాడని చప్పట్లు కొట్టింది. టచింగ్ అక్క కూడా నవ్వుతూనే భూతద్దాన్ని కుడి చివరకు జరిపింది. జరపకుండా ఉండాల్సింది. పని చేసే చెయ్యి ఊరుకోదు కదా, దానంతటది జరిగింది.

అమ్మ కుడి చెంప మెరుస్తోంది.

ఆమె అద్దం తుడిచి మళ్ళీ చూసింది. కళ్ళజోడు తీసి చూసింది. మెడ దగ్గర, జుట్టు అంచున, సన్నగా కుంచె గీత ఉంది. అది నాన్న చెయ్యి. అంత నేర్పుగా ఆయన ఇంకెవరికీ చెయ్యలేదు. ఆ అమ్మాయి ఏమైందని అడిగితే, తల నొప్పిగా ఉందని చెప్పి, భూతద్దం అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చేసింది.

దారి పొడవునా తనలో తనే వాదించుకుంది. అమ్మ ఆ రోజు కాస్త ఆలస్యంగా వచ్చి ఉంటుంది, ఫొటోలో సరిగ్గా పడి ఉండదు, కళ్ళు మూసుకుని ఉంటుంది, నాన్న మంచి ముఖం ఒకటి తెచ్చి పెట్టి ఉంటాడు. అలా చేసేవాళ్ళు. తనే ఎన్నోసార్లు చేసింది. కానీ అమ్మే లేకపోతే? అమ్మే లేకపోతే తను పట్టుకున్న చెయ్యి ఎవరిది? అసలు పట్టుకుందా? లేక గోడ మీద ఫొటో చూసీ చూసీ, అందులో ఉన్నదాన్నే జ్ఞాపకం అనుకుంటోందా? గుడ్డపీలిక ఫొటోలో కనిపిస్తుంది. ఎండ కనిపిస్తుంది. తడి సిమెంటు వాసన ఎవరైనా ఊహించుకోవచ్చు. మరి ఆ మాట? ఫొటోలో గొంతు వినిపించదు కదా? అయినా పసితనంలో కల్పించుకున్న మాటనీ, విన్న మాటనీ విడదీసి చెప్పగల మొనగాడెవరు? ఆమెకు తన ఇంటి తాళం ఎటు తిప్పాలో కూడా ఒక్క క్షణం తోచలేదు.

అటక మీద నాన్న రేకుపెట్టెలు నాలుగు ఉన్నాయి. మూడు ఆమెకు కంఠతా వచ్చు. నాలుగోదాని మీద నాన్న చేతిరాతతో 'పాడైనవి' అని ఉంది. పాడైన నెగెటివులు దాచుకోవడమేమిటని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆయన అగ్గిపుల్ల కూడా పారేసే మనిషి కాదు. పన్నెండేళ్ళుగా, ఆయన పోయినప్పటి నుంచీ, ఆ పెట్టె తెరవలేదు. పాడైనవాటిలో ఏముంటుంది చూడ్డానికి?

ఇప్పుడు తెరిచి చూస్తే అందులో పాడైనది ఒక్కటీ లేదు. అన్నీ అసలువే. కలపకముందు తీసినవి, వరసగా కవర్లలో. వంతెనది అడుగున దొరికింది. కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. నెగెటివులు చదవడం ఆమెకు అక్షరాలు చదివినంత తేలిక. తెల్లగా ఉన్న నీడల్ని, నల్లగా ఉన్న ముఖాల్ని తిరగేసి చూడ్డం కళ్ళకు అలవాటే. పిల్లల్ని వదిలేసి తలలు లెక్కపెట్టింది. ముప్ఫై ఏడు. మేస్త్రి బాబాయ్ మతి ఏమీ చలించలేదు.

కుడి చివర, తన పక్కన, వయసులో ఉన్న ఒకామె నిలబడి నవ్వుతోంది. వేళ్ళకు గుడ్డపీలిక చుట్టిన చేత్తో తన చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పళ్ళ వరసను టచింగ్ అక్క రోజూ పొద్దున, ఎదురింటి గుమ్మంలో పాలవాడితో తగువు నడిచేటప్పుడు చూస్తూనే ఉంటుంది. ఎదురింటి పిన్ని. మేస్త్రి తాత చెప్పిన పేర్లలో ఫొటోలో దొరకని ఆ ఒక్క పేరు కూడా పిన్నిదే. లైబ్రరీ అమ్మాయి అడగడానికి వెళితే పిన్ని 'వంతెనా? నాకేం గుర్తులేదమ్మా' అని తలుపు వేసేసిందట. దాంతో ఆ పిల్ల ఆ పేరు కొట్టేసింది.

గురువారం మధ్యాహ్నం టచింగ్ అక్క కవరు ఒళ్ళో పెట్టుకుని పిన్ని గుమ్మంలో కూర్చుంది. పిన్ని డబ్బాలో గుండీలు రంగుల వారీగా ఏరుతోంది. ఎనభై నాలుగేళ్ళు వచ్చినా చేతులు ఖాళీగా ఉండవు, నోరు అసలే ఉండదు. కవరు మీద రాత చూడగానే మాత్రం ఎర్ర గుండీ ఒకటి తీసి తెల్లవాటిలో వేసింది.

"ఆ పెట్టె కాల్చెయ్యమన్నాను మీ నాన్నని. వినలేదన్నమాట" అంది.

తర్వాత చెప్పింది, గుండీల వైపే చూస్తూ. వంతెన తెరిచేనాటికి అమ్మ పోయి నాలుగు నెలలైంది. చలికాలంలో పోయింది, ఎండలు ముదిరాక వంతెన అయింది. ఫొటో తీసేటప్పుడు పిల్లలందరూ వాళ్ళ అమ్మల పక్కన చేరితే ఈ పిల్ల ఒక్కతే నాన్న కెమెరా కాళ్ళు పట్టుకుని నిలబడింది. రాళ్ళు మోసి మోసి చేతులు చిట్లిపోయి ఉన్న పిన్ని వెళ్ళి తెచ్చుకుని పక్కన నిలబెట్టుకుంది. అంతే జరిగింది. కానీ ఫొటో కడిగి గోడకు పెట్టాక పిల్ల దాని ముందు కూర్చుని అన్నం మానేసింది. అందరి అమ్మలూ ఉన్నారు, మా అమ్మ ఏదని. మూడు రోజులైంది. నాలుగో రోజు నాన్న, స్టూడియోలో ఎప్పుడో తీసిన అమ్మ ఫొటో ఒకటి పట్టుకుని పిన్ని ఇంటికి వచ్చాడు. ఏం కావాలని పిన్నే కసిరితే, పిన్ని ముఖం ఉన్నచోట ఆ ముఖం అతికించనిమ్మని అప్పుడు అడిగాడు.

"నువ్వు ఒప్పుకున్నావా?" టచింగ్ అక్క గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఒప్పుకోకేం? నేను బతికే ఉన్నానుగా. నన్ను చూడాలంటే ఎదురింటి తలుపు కొట్టొచ్చు. ఆమెని చూడాలంటే నీకు ఇంకో దారి ఏముంది?"

మరి ఇన్నేళ్ళూ రాళ్ళు మోసిన పేరు లేకుండా పోయింది కదా అని అడిగితే, పిన్ని విసుక్కుంది. రాళ్ళు మోసింది వాగు దాటడానికి, ఫొటోలో పడటానికి కాదంది. దాటుతున్నాం కదా, ఇంకేం కావాలంది. అలా అంటూనే ఎర్ర గుండీ వెతికి తీసి ఎర్రవాటిలో వేసింది. పిన్నికి బాధ లేదంటే టచింగ్ అక్క నమ్మలేదు. ఏటా వంతెన తెరిచిన రోజు వచ్చినప్పుడల్లా పిన్నికి ఒంట్లో ఏదో ఒక నలత ఎందుకు వస్తుందో ఆమెకు ఇప్పటికి అర్థమైంది.

ఒక్క మాట అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. ఆ రోజు నువ్వు నాతో ఏమైనా అన్నావా అని. అడగలేదు. లేదంటే ఏం చెయ్యాలి? అన్నానంటే మాత్రం ఏం చెయ్యాలి? ఆ గొంతు అమ్మదని యాభై ఆరేళ్ళు దాచుకుంది. అది కూడా పోతే ఇక అమ్మ దగ్గర నుంచి తనకు మిగిలేది నాన్న కుంచె గీత ఒక్కటే. ఆమెకు పిన్ని మీద ప్రేమా, కోపమా, నాన్న మీద జాలా, అమ్మ మీద బెంగా, ఏదీ తేలలేదు. కవరు చంకన పెట్టుకుని వీధి దాటి ఇంట్లోకి వెళ్ళి, కాసేపు గోడ మీద ఫొటో ముందు నిలబడి ఏడ్చింది.

శుక్రవారం చెక్కేవాడు వచ్చేసరికి చరిత్ర గదిలో పెద్ద పంచాయితీ నడుస్తోంది. ఎలాగో పొక్కింది. ప్రెసిడెంటు తన తాతను ఎవడు పీకుతాడో చూస్తానని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లైబ్రరీ అమ్మాయి అసలు ఫొటో పెట్టాలంటుంది. పిల్లలకు అబద్ధం చూపించడానికా ఇంత కష్టపడిందని ఆమె ప్రశ్న. అదీ న్యాయమే. అందరూ టచింగ్ అక్క వైపు తిరిగారు. ఆమె రాత్రంతా ఏమీ తేల్చుకోలేదు. గదిలోకి అడుగు పెట్టేటప్పటికీ తేల్చుకోలేదు.

రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టమంది. ఊరు చేసింది ఒకటి, ఊరు కోరుకుంది ఒకటి, రెండూ ఊరి చరిత్రేనంది. కలిపిన ఆరుగురి పేర్ల కింద 'తర్వాత కలిసినవారు' అని రాయమంది. ప్రెసిడెంటు ఆ మాటను నాలుగైదుసార్లు నోట్లో తిప్పుకుని, మరీ పరువు తక్కువగా లేదని నిర్ధారించుకుని లేచాడు.

"మరి కుడి చివరావిడ?" అంది లైబ్రరీ అమ్మాయి మెల్లగా.

టచింగ్ అక్క కాగితం తీసుకుని తనే రాసింది. ఒకే మనిషికి రెండు పేర్లు. ముందు పిన్ని పేరు, దాని పక్కన 'రాళ్ళు మోసిన చెయ్యి'. తర్వాత అమ్మ పేరు, దాని పక్కన 'ముఖం'.

చెక్కేవాడు తల గోక్కున్నాడు. కలిపిన ఫొటోలో నలభై మూడు తలలున్నాయనీ, పేర్లేమో నలభై నాలుగు అవుతున్నాయనీ, రేపు లెక్కపెట్టినవాళ్ళు తననే తిడతారనీ అన్నాడు. తిట్టనివ్వమని ఆమె చెప్పింది. లెక్క కుదరక ఎందుకని అడిగితేనే ఎవరైనా ఈ కథ చెబుతారని కూడా అంది.

ఆదివారం, చరిత్ర గది తెరిచే రోజున, పిన్ని రానని మొండికేసింది. మోకాళ్ళ నొప్పి అంది, జలుబు అంది, వేసుకోవడానికి మంచి బట్టలు లేవంది. టచింగ్ అక్క వినలేదు. రెక్క పట్టుకుని వీధి వెంట నడిపించుకు వచ్చింది. పాత పోస్టాఫీసు ముందు నాలుగు రాతి మెట్లున్నాయి. ఒక్కొక్కటి మోకాలెత్తు. మొన్న వేసిన సున్నం నీళ్ళు చింది ఇంకా జారుతున్నాయి. లోపల నుంచి జనం మాటలు వినిపిస్తున్నాయి. దర్జీ అప్పుడే పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఒకటి ఎక్కువైందని మళ్ళీ మొదటికి వస్తున్నాడు.

మొదటి మెట్టు మీద అక్క చెప్పు కాస్త జారింది. ఏమంత కాలేదు, నిలదొక్కుకుంది. నిజానికి ఆసరా కావలసింది పిన్నికి. కానీ పిన్ని బిగుసుకుపోయి, ఎముకలు తేలిన వేళ్ళతో ఆమె చేతిని నొక్కిపట్టింది.

"పడతావ్, గట్టిగా పట్టుకో" అంది.

టచింగ్ అక్క మెట్టు మీదే ఆగిపోయింది. ఎందుకాగావని పిన్ని విసుక్కుంది, వెనక జనం ఉన్నారంది. అక్క గట్టిగా పట్టుకుని, మిగిలిన మూడు మెట్లూ ఎక్కింది.